కార్డిగన్ కొనేటప్పుడు ముందు భుజం చూడండి, ఛాతీ సంగతి తర్వాత

బెజవాడలో కార్డిగన్ ఎవరికి కావాలమ్మా అని అడిగేవాళ్లు ఉన్నారు. జనవరిలో కూడా మధ్యాహ్నం 30 డిగ్రీలు ఉండే ఊరు మనది, రోహిణి కార్తె సంగతి ఇక చెప్పక్కర్లేదు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏసీ కిందే కూర్చుని పనిచేసే ఆడవాళ్లని అడిగి చూడండి, బ్యాంకు కౌంటర్లో ఉన్నవాళ్లని, ఆసుపత్రి ల్యాబుల్లో ఉన్నవాళ్లని, గుంటూరు నుంచి రోజూ బస్సెక్కి వెలగపూడి సచివాలయానికి వెళ్లేవాళ్లని. పొద్దున్నే పినాకిని రైలెక్కి చెన్నై వెళ్లేటప్పుడు, ఇంద్ర బస్సులో రాత్రిపూట హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఒంటిమీద ఏదో ఒకటి కప్పుకోకపోతే కుదరదు. తలమీంచి తొడుక్కునే స్వెట్టర్ మనకి పనికిరాదు, బయటికి రాగానే విప్పేయాలి కదా. ముందు గుండీలు ఉండి, వేసుకోవడం తీయడం క్షణంలో అయిపోయే కార్డిగనే సరైనది.

కాకపోతే నాలాగా ఛాతీ నిండుగా ఉన్నవాళ్లకి అది దొరకడమే కష్టం. ఈ విషయం ఎవరూ పైకి మాట్లాడరు. బ్లౌజు గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం, కార్డిగన్ గురించి మాత్రం "ఏదో ఒకటి తీసుకో, చలికి కప్పుకోవడానికేగా" అంటారు. రోజుకి ఎనిమిది గంటలు ఒంటిమీద ఉండే బట్ట అది. దాంట్లో మనం ఎలా ఉన్నామో, గుండీ ఎక్కడ ఊడుతుందో అని మధ్యమధ్యలో కిందికి చూసుకుంటూ పనిచేయాల్సి వస్తే ఆ టెన్షన్ చిన్నదేం కాదు.

ఇబ్బంది రెండు రకాలుగా వస్తుంది. ఒంటికి సరిపోయే సైజు తీసుకుంటే ఛాతీ దగ్గర గుండీల మధ్య సందులు పడతాయి, గుండీ దగ్గర్నుంచి రెండు వైపులా ముడతలు లాగుతాయి, ముందు అంచు పైకి లేచి వెనక అంచు కిందికి వేలాడుతుంది. అది వద్దని ఛాతీకి సరిపోయే సైజు తీసుకుంటే భుజం కుట్టు చేతిమీదికి జారుతుంది, చేతులు వేళ్ల దాకా వస్తాయి, నడుము ఎక్కడుందో తెలియకుండా బట్ట మొత్తం ఛాతీ మీద నుంచి నేరుగా కిందికి గుడారంలా దిగుతుంది. చాలామంది మనకి చెప్పేది ఈ రెండో దాన్నే. షాపులో ఉన్నప్పుడు పక్కనున్న పెద్దవాళ్లు ఎవరో ఒకరు "కాస్త వదులుగా తీసుకోమ్మా, బాగుంటది" అంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆ మాట వెనక ఉన్నది దాచుకో అనే. దాచుకోవాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు. పైగా వదులుగా వేసుకుంటే దాగదు కూడా. ఛాతీ ఎంత ముందుకుంటే బట్ట అంత ముందు నుంచే కిందికి పడుతుంది కాబట్టి మనిషి మొత్తం అంతే వెడల్పు అనిపిస్తుంది. నడుము సన్నగా ఉన్నవాళ్లకి కూడా అంతే.

అసలు ఎందుకిలా అవుతుందో తెలిస్తే కొనడం చాలా తేలికవుతుంది, అందుకే దాని గురించి కొంచెం వివరంగా రాస్తున్నా.

టేపు తీసుకుని రెండు కొలతలు చూసుకోండి. ఒకటి ఛాతీ పైన, చంకల కిందుగా పోనిచ్చి కొలిచేది. రెండోది ఛాతీ ఎక్కువగా ఉన్న చోట చుట్టూ కొలిచేది. బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే బ్రా వేసుకునే కొలవాలి, లేకపోతే ఆ కొలతతో పని జరగదు. పాతబడి సాగిపోయిన బ్రాతో ఛాతీ కిందికి దిగి ఉంటుంది, అలాంటప్పుడు ఎంత మంచి కార్డిగన్ తెచ్చినా గుండీ ఒక చోట, ఛాతీ ఇంకో చోట ఉంటాయి. మన ఊళ్లో చాలా షాపుల్లో బ్రా అడిగితే 36 అని, 38 అని నంబరు మాత్రమే అడుగుతారు, కప్పు సైజు అడగరు. మీరే అడిగి తీసుకోండి. కార్డిగన్ మీద పెట్టే డబ్బు కంటే ముందు బ్రా మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ రెండు కొలతల మధ్య తేడా చూడండి. విదేశీ కుట్టు నమూనాల కంపెనీలు చాలావరకు ఆ తేడా సుమారు 2 అంగుళాలు ఉంటుందనుకునే నమూనా గీస్తాయి, వాళ్ల లెక్కలో అది బి కప్పు. రెడీమేడ్ బట్టల సంగతీ అంతకంటే మెరుగ్గా ఏం ఉండదు. మనకి ఆ తేడా 4 అంగుళాలో 5 అంగుళాలో ఉంటుంది. ఉదాహరణకి పై కొలత 36, ఛాతీ కొలత 41 అనుకోండి. చాలా సైట్లలో ఉండే పట్టికలో ఛాతీ 36కి ఎమ్, 38కి ఎల్, 40కి ఎక్స్ఎల్, 42కి డబుల్ ఎక్స్ఎల్. అంటే భుజాలు, చేతులు, మెడ ఎమ్ లేదా ఎల్ దగ్గర ఉన్న మనిషికి ఛాతీ మాత్రం డబుల్ ఎక్స్ఎల్ అడుగుతోంది. కంపెనీ డబుల్ ఎక్స్ఎల్ చేసేటప్పుడు ఛాతీ ఒక్కటే పెంచదు కదా, భుజం పెంచుతుంది, చంక పెంచుతుంది, చేయి లూజు పెంచుతుంది, మెడ పెంచుతుంది. మనకి కావాల్సింది ముందు భాగంలో కొంచెం చోటు, వాళ్లు ఇచ్చేది ఒళ్లంతా చోటు. ఏ సైజు తీసుకున్నా ఎక్కడో ఒకచోట తేడా రావడానికి కారణం ఇదే, మీ ఒంట్లో తేడా ఏమీ లేదు.

మన బ్లౌజు కుట్టే మాస్టార్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నిండుగా ఉన్నవాళ్లు వస్తే ఛాతీ లూజు, నడుము లూజు, భుజం, చంక చుట్టుకొలతతో ఆపరు, భుజం దగ్గర్నుంచి టక్ పాయింట్ దాకా, అంటే ఛాతీ అన్నిటికంటే ముందుకుండే చోటు దాకా ఎంతో కొలుస్తారు, రెండు టక్ పాయింట్ల మధ్య దూరం కొలుస్తారు, ముందు పొడవు వెనక పొడవు వేరువేరుగా రాసుకుంటారు. ఎందుకంటే ఛాతీ నిండుగా ఉంటే వెడల్పు ఒక్కటే కాదు, పొడవు కూడా ఎక్కువ కావాలి. బట్ట ఛాతీ మీదుగా ఎక్కి దిగాలి కదా. ఆ అదనపు పొడవుని బట్ట మడిచి కుట్టే టక్కులతోనో, ఛాతీ మీదుగా నిలువు కుట్టు దిగే ప్రిన్సెస్ కట్‌తోనో, గిన్నెలా విడిగా కత్తిరించి అతికే కటోరీతోనో సర్దుతారు. షాపులో దొరికే కార్డిగన్‌కి టక్కు ఉండదు, ముందూ వెనకా ఒకే పొడవు. ముందు అంచు పైకి లేవడానికి కారణం అదే, ఆ పొడవంతా ఛాతీ దగ్గరే ఖర్చయిపోతోంది.

అసలు ఈ బట్ట పుట్టిందే మగవాళ్ల కోసం. 1850ల్లో జరిగిన క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సేనాధికారి జేమ్స్ బ్రూడెనెల్, ఏడో ఎర్ల్ ఆఫ్ కార్డిగన్, ఆయన పేరు మీద వచ్చింది ఇది. మెడ నుంచి చంకకి ఏటవాలు కుట్టుండే రాగ్లాన్ చేతులకి ఆ పేరు కూడా అదే యుద్ధంలో ఆయన పైఅధికారి లార్డ్ రాగ్లాన్ నుంచి వచ్చిందే. ఆడవాళ్లకి దీన్ని ఫ్యాషన్‌గా అలవాటు చేసినవాళ్లలో కోకో షనెల్ ముఖ్యురాలు, కానీ 1920ల్లో అక్కడి ఫ్యాషన్ కూడా ఛాతీ చదునుగా కనిపించాలనే. అంటే నిండుగా ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని గీసిన నమూనా కాదు ఇది మొదట్నుంచీ. ఇక మన దేశానికంటూ సొంత సైజుల పట్టిక కోసం ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ వాళ్లు త్రీడీ స్కానర్లతో 25,000 మంది కొలతలు తీసే సర్వే పెట్టుకున్నారు, అందులో హైదరాబాద్ కూడా ఉంది. అది చాలా అవసరమైన పనే. కానీ ఛాతీకి ఒక్క అంకె పెట్టి ఎమ్, ఎల్ అని ముద్ర వేసే పద్ధతి ఉన్నంతకాలం మన తేడా ఏ పట్టికలోనూ పట్టదు, మనమే చూసుకోవాలి.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. ముందు భుజం చూడండి. భుజం కుట్టు భుజం ఎముక చివర సరిగ్గా కూర్చోవాలి, అర అంగుళం అటూ ఇటూ అయినా పర్లేదు. భుజం సరిగ్గా ఉన్న కార్డిగన్ గుండీలు పెట్టకపోయినా ఒంటికి కుట్టించినట్టే కనిపిస్తుంది. భుజం జారిన కార్డిగన్ ఎంత ఖరీదైనదైనా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. భుజం బాగుండి ఛాతీ దగ్గర గుండీలు పడకపోతే కంగారు పడకండి, అన్ని గుండీలూ పెట్టుకోవాలని ఎక్కడా లేదు. ముందు తెరిచి ఉంచితే రెండు అంచులూ నిలువుగా రెండు గీతల్లా దిగుతాయి, వాటి మధ్యలో లోపలి కుర్తీ రంగు కనిపిస్తుంది, చూసేవాళ్ల కన్ను నిలువుగా వెళ్తుంది. మన ఒంటికి ఇంతకంటే నప్పే పద్ధతి లేదు. కొంచెం పట్టి ఉండాలనుకుంటే ఛాతీ కిందుగా, నడుముకి పైన వచ్చే గుండీ ఒక్కటే పెట్టండి. ఒక్క గుండీతో నడుము కనిపిస్తుంది, ఛాతీ మీద ఎక్కడా లాగదు. ఇలా తెరిచి వేసుకునేవాళ్లు ఛాతీ కొలత కంటే 2, 3 అంగుళాలు తక్కువున్న కార్డిగన్ అయినా ధైర్యంగా తీసుకోవచ్చు.

లేదు, నాకు గుండీలన్నీ పెట్టుకోవాల్సిందే, ఆఫీసులో అలా ఉంటేనే నాకు బాగుంటుంది అనేవాళ్లు ఉంటారు. వాళ్ల దారి వేరు. వాళ్లు ఛాతీకి సరిపోయే సైజే తీసుకోవాలి, కానీ భుజం కుట్టు లేని రకం వెతుక్కోవాలి. రాగ్లాన్ చేతులుంటే కుట్టు మెడ దగ్గర్నుంచి చంకకి ఏటవాలుగా వెళ్తుంది, భుజం మీద కుట్టే ఉండదు కాబట్టి సైజు పెద్దదని బయటపడదు. లేదా ఎటు కావాలంటే అటు సాగే సన్నటి అల్లిక, స్పాండెక్స్ కొంచెం కలిసినది చూసుకోవాలి. పక్కకుట్ల దగ్గర ఛాతీ కింద నుంచి నడుము దాకా టైలర్‌తో లోపలికి పట్టించుకోవాలి. దాని గురించి కింద రాస్తా.

ట్రయల్ రూములో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుని బయటికి వచ్చేయకండి. బస్సులో పైన కడ్డీ పట్టుకున్నట్టు చేయి పైకెత్తండి. కీబోర్డు మీద టైపు చేస్తున్నట్టు రెండు చేతులూ ముందుకి చాపండి. కూర్చోండి, కూర్చుంటే ఛాతీ దగ్గర ఇంకొంచెం లాగుతుంది. పక్కకి తిరిగి అద్దంలో చూడండి, అసలు సంగతి పక్క నుంచే తెలుస్తుంది. రెండు గుండీల మధ్య వేలు దూరేంత సందు ఆ మూడింటిలో ఎప్పుడైనా కనిపిస్తే దాన్ని మూసి వేసుకునే కార్డిగన్‌గా లెక్కపెట్టకండి. షాపు అబ్బాయిలు "సాగుద్ది మేడం, రెండు రోజులేస్తే సెట్టయిపోద్ది" అంటారు. సాగుతుంది, నిజమే, కానీ గుండీ దగ్గర సాగి అక్కడే వదులైపోతుంది, మళ్లీ వెనక్కి రాదు.

గుండీల గురించి ఇంకో మాట. గుండీలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడున్నాయన్నది చూడండి. ఛాతీ ఎక్కువగా ఉన్న గీత మీదే సరిగ్గా ఒక గుండీ పడితే సందు రాదు. ఆ గీత రెండు గుండీల మధ్యలో పడితే కొంచెం వదులు సైజు తీసుకున్నా సందు రావచ్చు. గుండీకీ గుండీకీ మధ్య 3 అంగుళాల కంటే ఎక్కువ దూరం ఉంటే మనకి కుదరదు, రెండు రెండున్నర ఉంటే హాయి. చిన్న గుండీలు దగ్గర దగ్గరగా ఉన్నవి, పెద్ద గుండీలు దూరం దూరంగా ఉన్నవాటి కంటే ఎప్పుడూ మేలు. గుండీలు కుట్టే పట్టీ కూడా పట్టి చూడండి, అది మెత్తగా సాగిపోతుంటే కాజాల దగ్గర నోరు తెరుచుకుంటుంది.

మెడ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు, వీ మెడ. గుండ్రటి మెడ గొంతు దాకా మూసేస్తే మెడ నుంచి నడుము దాకా ఒకే ముద్దలా కనిపిస్తుంది. వీ మెడ మరీ లోతుగా వెళ్లక్కర్లేదు, లోపల కుర్తీ మెడ కనిపించేంత ఉంటే చాలు. చేతులు ఛాతీ ఎత్తులో ఆగిపోయే పొట్టి చేతులు అసలు వద్దు. చేయి అంచూ ఛాతీ గీతా ఒకే చోట పడితే మనిషి అక్కడ వెడల్పుగా కనిపిస్తుంది. మోచేయి దాటి ముప్పావు చేతులున్నవి బాగుంటాయి, గాజులు కూడా కనిపిస్తాయి. ఛాతీ మీద జేబులున్నవి, ముందు భాగమంతా జడ అల్లిక ఉబ్బుగా ఉన్నవి, ముందు కుచ్చులు కుచ్చులుగా జారే రకం, ఇవి చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి కానీ ఉన్న చోటే ఇంకో పొర పెంచుతాయి.

పొడవు తుంటి ఎముక దగ్గరో, అక్కణ్ణుంచి రెండు మూడు అంగుళాలు కిందో ఆగాలి. ఛాతీ కిందే ఆగిపోయే పొట్టి కార్డిగన్లు ఇప్పుడు ఫ్యాషన్, నడుము పైకి ఉన్న స్కర్టు మీదో, చీర మీదో కొందరికి భలే ఉంటాయి, కానీ ముందు అంచు పైకి లేచే బాధ వీటిలోనే ఎక్కువ. కింద అంచు పట్టీ బిగుతుగా ఉంటే అది నడుము దగ్గర పట్టుకుని పైన బట్టంతా ఉబ్బిపోతుంది, దాన్ని కూడా వదిలేయండి. రంగు గురించి మాత్రం ఎవరి మాటా వినక్కర్లేదు. నిండుగా ఉన్నవాళ్లు నలుపే వేసుకోవాలని ఎవరు పెట్టారో కానీ, మామిడిపండు పసుపు కార్డిగన్ మంచి కొలతలో ఉంటే దాని ముందు కొలత కుదరని నలుపు నిలబడదు.

నూలు సంగతి. మన ఊళ్లో చలికాలంలో వచ్చేవి ఎక్కువ అక్రిలిక్, లూధియానా నుంచి వచ్చే సరుకు. చవక, రంగులు బాగుంటాయి, ఉతకడం తేలిక. కానీ చెమట పీల్చదు, నాలుగు ఉతుకులకి చంకల దగ్గర, ఛాతీ పక్కల ఉండలు కడుతుంది, మనకి చేయి ఛాతీకి రాసుకునే చోట ఇంకా తొందరగా. బెజవాడ ఎండలో నుంచి ఏసీలోకి, ఏసీలోంచి ఎండలోకి తిరిగే మనకి సన్నటి కాటన్ కానీ, కాటన్‌లో విస్కోస్ కలిసినది కానీ బాగుంటుంది. విస్కోస్ కలిస్తే బట్ట ఒంటిమీద జారినట్టు పడుతుంది, నిలబడి ఉండదు. ఉత్త కాటన్ లావు అల్లికైతే బరువుకి కిందికి సాగిపోతుంది, జాగ్రత్త. అల్లిక ఎంత సన్నగా ఉంటే మనకి అంత మంచిది, లావు నూలుతో అల్లినది ఒక్కటే ఛాతీ చుట్టూ అంగుళం పైనే పెంచేస్తుంది. లంబసింగికో అరకుకో వెళ్లేవాళ్లు ఉన్ని కొనుక్కుంటారు, అది వేరే లెక్క.

చీర మీద, చుడీదార్ మీద వేసుకునేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది, అది ఏ విదేశీ ఫ్యాషన్ సైటూ చెప్పదు. పమిట కుచ్చిళ్లు పెట్టి పిన్ను చేసుకుంటే ఎడమ భుజం మీద, ఛాతీ మీద నాలుగైదు పొరలు పడతాయి. దాని మీద కార్డిగన్ మూస్తే ఒక వైపు లావుగా, ఇంకో వైపు మామూలుగా కనిపిస్తుంది, గుండీ వరస వంకర పోతుంది. చీర మీద కార్డిగన్ మూయకండి. ముందు కార్డిగన్ వేసుకుని దాని మీదుగా పమిట తెచ్చుకోవచ్చు, లేదా పమిట లోపలే ఉంచి కార్డిగన్ తెరిచి వదిలేయొచ్చు. నాకైతే మొదటి పద్ధతి నచ్చుతుంది, సన్న అల్లిక అయితే పొడుగు చేతుల బ్లౌజు వేసుకున్నట్టే ఉంటుంది, మంగళగిరి కాటన్ చీర మీద ఎంత హుందాగా ఉంటుందో వేసి చూడండి. చున్నీ విషయంలో, కార్డిగన్ లోపల చున్నీ మడతలు పెట్టి పైన గుండీలు పెట్టుకోవడం మాత్రం మానేయండి. చున్నీ కావాలంటే కార్డిగన్ మీద ఒక భుజాన వేసుకోండి, వద్దనుకుంటే ఇంట్లో పెట్టండి. కార్డిగన్ వేసుకున్నాక కూడా చున్నీ ఏది అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన బాధ్యత మనది కాదు.

కొనడం ఎక్కడంటే, నవంబరు వచ్చేసరికి రోడ్డు పక్కన టిబెటన్లు పెట్టే స్వెట్టర్ దుకాణాల్లో బేరం ఆడి తీసుకోవచ్చు కానీ అక్కడ ట్రయల్ ఉండదు, కుర్తీ మీదే వేసి చూసుకోవాలి. సన్న టీషర్టు లాంటిది వేసుకుని వెళ్లండి, టేపు ఒకటి బ్యాగులో పెట్టుకోండి. కార్డిగన్‌ని బల్ల మీద పరిచి ఒక చంక నుంచి ఇంకో చంక దాకా కొలిచి రెట్టింపు చేస్తే దాని ఛాతీ కొలత వచ్చేస్తుంది. అడ్డంగా భుజం కుట్టు నుంచి భుజం కుట్టు దాకా కొలవండి. ఈ రెండూ తెలిస్తే వేసుకోకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. బీసెంట్ రోడ్డులో షాపు షాపుకీ తిరిగే ఓపిక ఉంటే రకాలు బాగానే దొరుకుతాయి, మాల్స్‌లో అయితే ట్రయల్ రూము ఉంటుంది, తొందరపెట్టేవాళ్లు ఉండరు, అదొక పెద్ద సౌకర్యం. ఒకే రకంలో రెండు సైజులు లోపలికి తీసుకెళ్లి భుజం ఒకదాంట్లో, ఛాతీ ఒకదాంట్లో పోల్చుకోండి. ఆన్‌లైన్‌లో మింత్రా, అజియో లాంటి వాటిల్లో సైజు పట్టిక తెరిచినప్పుడు అది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది తప్పకుండా చూడండి. ఒంటి కొలత 40 అని ఉన్న కార్డిగన్ అసలు కొలత 43 ఉండొచ్చు, సాగే రకమైతే 37 కూడా ఉండొచ్చు. ఫొటోలో మోడల్‌ని చూసి ఏమీ తేల్చుకోలేం, కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలే మనకి పనికొస్తాయి. వాపసు తీసుకునే వీలున్నవే ఆర్డర్ పెట్టండి, రెండు సైజులు తెప్పించుకుని ఒకటి తిప్పి పంపడంలో మొహమాటపడకండి.

ఇక టైలర్ దగ్గరికి. మనవాళ్లు బ్లౌజులు ఆల్టర్ చేయించుకుంటారు కానీ స్వెట్టర్‌ని టైలర్ దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తట్టదు. సన్న అల్లిక కార్డిగన్‌ని చక్కగా సర్దొచ్చు. అన్నిటికంటే తేలికైన పని టిచ్ బటన్లు కుట్టించడం. ఛాతీ మీద పడే రెండు గుండీల మధ్య లోపలి వైపు ఒక టిచ్ బటన్ పెడితే బయటికి కనిపించదు, సందు పడదు. ఇంట్లో మనమే కుట్టుకోవచ్చు. రెండోది, గుండీ పట్టీకి, కాజా పట్టీకి లోపల గట్టి రిబ్బన్ కుట్టించడం. వన్ టౌన్‌లో లేసులు, గుండీలు అమ్మే షాపుల్లో అడ్డ గీతలున్న గట్టి రిబ్బన్ దొరుకుతుంది, ఒకసారి తడిపి ఆరబెట్టి ఆ తర్వాత కుట్టించండి, లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి పట్టీని ముడుచుకునేలా చేస్తుంది. పట్టీ సాగకపోతే కాజా నోరు తెరవదు. మూడోది, నేను పైన చెప్పిన పక్కకుట్లు. ఛాతీ దగ్గర ముట్టుకోకుండా, దాని కింద నుంచి నడుము దాకా ఏటవాలుగా లోపలికి పట్టి, మళ్లీ తుంటి దగ్గరికి వదిలేయమని చెప్పండి. ఓవర్‌లాక్ మిషన్ ఉన్న టైలర్ దగ్గరే చేయించండి, మామూలు కుట్టు వేస్తే సాగినప్పుడు దారం తెగుతుంది, అల్లిక ఊడిపోతుంది. కత్తిరించే ముందు పెద్ద టాకాలు వేసి ఒకసారి ఒంటిమీద చూసుకోవాలి. లావు అల్లిక వాటికి ఇవేమీ చేయించకండి, కుట్టు దగ్గర గట్టిగా ఉబ్బెత్తుగా తయారవుతుంది.

అల్లిక వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు. మా అమ్మ తరంలో చాలామందికి వచ్చు, ఇప్పుడు యూట్యూబ్ చూసి మళ్లీ మొదలుపెట్టిన పిల్లలు కూడా ఉన్నారు. చేత్తో అల్లేటప్పుడు ఛాతీ భాగంలో వరస మొత్తం అల్లకుండా మధ్యలోనే వెనక్కి తిప్పి, ముందు భాగానికి మాత్రమే అదనంగా కొన్ని వరసలు అల్లుతారు. దాంతో పక్కకుట్టు దగ్గర పొడవు మారదు, ఛాతీ మీద మాత్రం ఒకటి రెండు అంగుళాలు పెరుగుతుంది. మాస్టారు టక్కుతో చేసే పనినే ఇక్కడ వరసలతో చేయడం. అంచు పైకి లేవడం పూర్తిగా పోతుంది. మిషన్ మీద అల్లి వచ్చే చవక రకాల్లో ఇది దొరకదు.

అల్లికే ఉండాలన్న పట్టింపు లేనివాళ్లకి నేను ఎక్కువగా చెప్పేది ఇంకొకటి ఉంది. బెజవాడకీ గుంటూరుకీ మధ్యలోనే మంగళగిరి ఉంది. అక్కడి చేనేత కాటన్, నిజాం అంచున్నది, రెండున్నర మీటర్లు తీసుకుని మీ బ్లౌజు మాస్టారికి ఇచ్చి ముందు తెరిచి ఉండే పొడుగు చేతుల జాకెట్‌లా కుట్టమనండి. ఏసీ చలికి ఆ మందం సరిపోతుంది, చాలకపోతే పల్చటి లైనింగ్ వేయించుకోవచ్చు. నేత బట్ట సాగదు కాబట్టి ఛాతీ కొలత మీద 3, 4 అంగుళాలు లూజు ఉంచాలి. కుట్టించే ముందు బట్టని రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టండి. మాస్టారికి చెప్పాల్సినవి చెప్పండి: ప్రిన్సెస్ కట్ కావాలి, ఆ కుట్టు టక్ పాయింట్ మీదుగానే వెళ్లాలి, ముందు పొడవు వెనక పొడవు విడివిడిగా కొలవాలి, మొదటి గుండీ ఛాతీ గీత మీద రావాలి, అంచు మెడ చుట్టూ తిరిగి రెండు వైపులా నిలువుగా దిగాలి. "మేడం, జాకెట్‌కి ఇవన్నీ ఎందుకు, లూజుగా కుట్టేస్తా" అని ఆయన అంటే ఒప్పుకోకండి. మీకు బాగా కుదిరిన బ్లౌజు ఒకటి పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టండి, దాని మీద నుంచే కొలతలు తీసుకోమనండి. మొదటిసారి కుట్టినప్పుడు చేతులు అతికించక ముందే ఒకసారి పిలవమని అడగండి, చంక దగ్గర ఏదైనా మార్చాలంటే అప్పుడే మార్చగలరు.